కప్పేసిన చోటు

ఇవాళ పొద్దున నా భార్య వేసిన బొమ్మ మీద నేను రంగు వేశాను. పాడు చెయ్యాలని కాదు, బాగు చేద్దామని. నేను చేసిన పెద్ద తప్పులన్నీ బాగు చేద్దామనుకుని చేసినవే. అందుకని ఆ మాట అడ్డం పెట్టుకుని తప్పించుకోదలచుకోలేదు.

ఆదివారం. ఆమె పూల కోసం రైలుగేటు దాకా వెళ్ళింది. బొమ్మ ముందుగదిలో గోడకి ఆనించి ఉంది. చెక్క ఫ్రేముకి బిగించిన తెల్లటి ముతక గుడ్డ, నా నడుము ఎత్తు ఉంటుంది. పదకొండింటికల్లా అది మధురవాడలో మా మరదలు ఉండే అపార్ట్‌మెంటుకి చేరాలి. అక్కడివాళ్ళూ, వాళ్ళ చుట్టాలూ వేసిన బొమ్మలు క్లబ్ హౌసులో ఒక్క రోజు గోడలకి పెడుతున్నారు. మా ఆవిడ బొమ్మ మా గడప దాటడం ఇదే మొదటిసారి. చెల్లెలు నెల రోజులు బతిమాలితే ఒప్పుకుంది.

కాఫీ గ్లాసు పట్టుకుని దాని ముందు నిలబడ్డాను. ఆమె బొమ్మలు నాకు అర్థం కావు. వాటిలో మనిషి ఉండడు, చెట్టు ఉండదు, సముద్రం ఉండదు. ఇందులోనూ అంతే. నలుపులోకి తిరుగుతున్న నీలం, దాని కిందనుంచి ఆకుపచ్చ, అక్కడక్కడ కనకాంబరాలు నలిపిన మరకలు. చూస్తుంటే కింద ఎడమ పక్కన, మూలకి దగ్గర్లో, అరచేతి మేర తెల్లగా కనిపించింది. చుట్టూ రంగు ఉంది. అక్కడ మాత్రం లేదు.

నేను ఓడలకి వేసే రంగుని తనిఖీ చేసే మనిషిని. ముప్ఫై ఏళ్ళ పైగా అదే పని. మా పనిలో ఇలాంటి చోటుకి ఒక పేరుంది. హాలిడే అంటారు. పెయింటరు చెయ్యి పొరపాటున దాటిపోయిన చోటు. బ్రష్షు అక్కడ సెలవు తీసుకుందని కాబోలు, ఆ పేరు ఎందుకొచ్చిందో నాకెవరూ చెప్పలేదు. ఓడలు రిపేరుకి వచ్చే డాక్‌లో మావాళ్ళు "ఇక్కడ హాలిడే ఒగ్గీసినాడు బావా" అంటారు. గోరంత హాలిడే వదిలేసినా చాలు, ఉప్పునీరు అక్కడే నోరు పెడుతుంది. పక్కనున్న మంచి రంగుని కూడా లోపలినుంచి లేపుతుంది. దాన్ని కనిపెట్టి, చుట్టూ చాక్‌పీసుతో గీసి, దగ్గరుండి కప్పించడమే నా ఉద్యోగం.

మా ఆవిడ కూడా ఒకటి వదిలేసింది అనుకున్నాను. పదిమంది చూస్తారు, ఎవరైనా ఎత్తి చూపిస్తే చిన్నబుచ్చుకుంటుంది అనుకున్నాను. ఆమె రంగు డబ్బాలు కిటికీ గట్టు మీదే ఉన్నాయి. నీలంలో కాస్త నలుపు, చిటికెడు గోధుమ రంగు కలిపి పేపరు మీద వేసి చూసుకున్నాను. రెండోసారికి సరిగ్గా దొరికింది. పది నిమిషాల్లో ఆ తెలుపు లేదు. నా బ్రష్షు ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో నాకే తెలియనంతగా కలిసిపోయింది. పని బాగా కుదిరినప్పుడు వచ్చే సంతోషం కూడా వచ్చింది. అది రాయకపోతే ఇదంతా అబద్ధమవుతుంది.

ఆమె వచ్చింది. పూల పొట్లం బల్ల మీద పెట్టి, చెప్పులు కూడా సరిగ్గా విప్పకుండా ఆగిపోయింది.

"హాలిడే ఉండిపోయింది, కలిపేశాను. ఎక్కడ వేశానో కనిపెట్టు చూద్దాం" అన్నాను నవ్వుతూ.

ఆమె కనిపెట్టింది. దగ్గరకొచ్చి వంగి ఆ చోట వేలు పెట్టింది. వేలికి తడి అంటుకుంది. ఆ వేలు కేసి చూసుకుంటూ, నా వైపు తిరక్కుండానే అడిగింది.

"టార్చి వేసి చూశారా?"

లేదన్నాను.

"అక్కడ మల్లెపూలున్నాయి."

ఈ మాటకి అర్థం చెప్పాలంటే మా అమ్మాయి గురించి చెప్పాలి. రెండేళ్ళ కిందట వానాకాలంలో, డిగ్రీ రెండో ఏడు చదువుతుండగా, తొమ్మిది రోజుల జ్వరంతో పోయింది. మాకు ఒక్కతే.

కంచరపాలెంలో మా ఇంటికి దగ్గర్లో, రైలుగేటు పక్కన ఒకామె పూలు అమ్ముతుంది. మోచేతినుంచి వేళ్ళ కొస దాకా దండ కొలిచి తెంపుతుంది. మా పిల్లకి జడ వేసే వయసు వచ్చినప్పటినుంచీ మాకొక లెక్క ఉంది. అమ్మకి మూర, పాపకి అర మూర. పిల్ల పెద్దదయ్యాక కూడా అది అర మూరే. ఎక్కువ పెట్టుకుంటే కాలేజీలో ఏడిపిస్తారని గొడవ చేసేది. అడగక్కర్లేదు, మా ఆవిడ వెళ్ళి నిలబడితే చాలు, ఆమె ఒకటిన్నర తెంపి రెండు ముక్కలుగా ఆకులో చుట్టేది.

పిల్ల పోయాక కొన్నాళ్ళు మా ఆవిడ అటు వెళ్ళలేదు. మళ్ళీ మొదటిసారి వెళ్ళిన రోజున, పూలామెకి సంగతి తెలియదు, ఎప్పట్లాగే ఒకటిన్నర తెంపింది. మా ఆవిడకి నోరు రాలేదు. తెచ్చుకుంది. మర్నాడూ అంతే. అర మూరల దండలు ఫ్రిజ్‌లో స్టీలు డబ్బా నిండా పేరుకుపోయి ఎండిపోతుండడం నేను చూశాను. చూసి, మూత పెట్టాను.

ఒక రోజు ఎవరో చెప్పారట. మా ఆవిడ వెళ్ళేసరికి పూలామె ఏడుస్తూ ఉంది.

"ఏటమ్మా, ఒక్క మాట సెప్పకపోనావు? నాను రోజూ కోసిచ్చేత్తన్నాను కదా, పాపిష్టిదాన్ని."

"కోస్తూనే ఉండు. మానకు" అందిట మా ఆవిడ.

అప్పటినుంచీ పూలామె తల ఎత్తకుండా తెంపి ఇస్తుంది. ఇదంతా మా ఆవిడ నాకు వంటింట్లో, అన్నం వారుస్తూ, నాలుగు ముక్కల్లో చెప్పింది. అన్ని పూలు ఎందుకు, ఎవరు పెట్టుకోవాలి అన్నాను నేను. ఆ తర్వాత ఆమె పూల గురించి నాతో మాట్లాడలేదు.

ఇప్పుడు గది సంగతి.

మా అమ్మాయి మంచం మీద కాళ్ళు చాపుకుని, గోడకి తల ఆనించి చదువుకునేది. ఏళ్ళ తరబడి అలా కూర్చుంటే గోడకి నూనె మరక పడింది. తల ఆనే చోట గుండ్రంగా, పైన కాస్త చీకటిగా, కొబ్బరినూనె వాసనతో. బతికుండగా దాని గురించి నేను సణుగుతూనే ఉండేవాణ్ణి. "తలకి తువ్వాలు వేసుకుని ఆనుకోవే" అంటే, "రంగులాయన ఇంట్లో గోడకి మరకా నాన్నా, పరువు పోయింది" అని నవ్వేది.

అమ్మాయి పోయి నెల తిరక్కుండానే నేను ఆ గదికి రంగు వేశాను. మా ఆవిడ మూడు రోజులు చెల్లెలి దగ్గర ఉండి రావడానికి వెళ్ళింది. ఆ మరక చూసి ఆమె కుంగిపోతోందని నేను అనుకున్నాను. నిజానికి చూడలేకపోయింది నేను. నూనె మరక మీద ఊరికే రంగు వేస్తే ఆగదు, ఎన్ని కోటింగులు వేసినా పైకి తేలుతుంది. పనివాణ్ణి కదా, నాకు తెలుసు. ముందు సబ్బునీళ్ళతో కడిగి, మరకని బిగించే ప్రైమరు వేసి, ఆ పైన లేత ఆకుపచ్చ రెండుసార్లు కొట్టాను. ఇక ఎప్పటికీ తేలదు. మా ఆవిడ తిరిగొచ్చి గుమ్మంలో నిలబడింది. లోపలికి అడుగు పెట్టలేదు. గోడ కేసి చూసి, "ఇక్కడిది ఏదీ?" అంది. గది శుభ్రంగా ఉంటే నీకే మంచిదని చెప్పాను. ఆమె ఇంకేమీ అనలేదు. ఆ మౌనాన్ని నేను ఒప్పుకోలు అనుకున్నాను. అనుకోవడం నాకు సుళువు.

ఆ రంగు సగం డబ్బా మిగిలిపోతే మెట్ల కింద పెట్టాను. కొన్ని వారాల తర్వాత, నేను డ్యూటీనుంచి వచ్చేసరికి, ఆమె ఆ డబ్బా మూత స్క్రూడ్రైవరుతో లేపి, పాత క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పి, ఆ ఆకుపచ్చ పూస్తోంది. పక్కన ఎండిపోయిన అర మూరలు. వాటిని తడి రంగులో పరిచి, మీద మరో కాగితం వేసి, చపాతీ కర్రతో నొక్కుతోంది. అలా మొదలైంది. ఆమె ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. మందారాలు నలిపితే ఊదా వస్తుందనీ, ఎండాక అది నల్లబడుతుందనీ, బంతి పచ్చగా నిలుస్తుందనీ, శంఖుపూల నీలం వెలిసిపోతుందనీ తనే కనిపెట్టుకుంది. కాగితాలనుంచి గుడ్డకి వచ్చింది. మా వీధి చివర వడ్రంగి చేత ఫ్రేములు చేయించుకుంది. కొన్ని రోజులు ఎండలో డాబా మీద ఆరబెట్టేది. పోర్టు వైపునుంచి గాలి కొడితే నల్లటి దుమ్ము వచ్చి తడి రంగులో పడేది. అది కూడా తుడిచేది కాదు.

ఒకసారి అడిగాను, పూలతో వేస్తున్నప్పుడు పువ్వు బొమ్మే వెయ్యొచ్చు కదా, చూసేవాళ్ళకి అర్థమవుతుంది అని.

"పువ్వు వేస్తే పువ్వే కనిపిస్తుంది" అంది.

నాకది పొగరులా అనిపించింది. మరదలు ఫోన్ చేస్తే, మీ అక్క గోడకి కొట్టాల్సింది గుడ్డకి కొడుతోందని జోకు వేశాను. ఫోను స్పీకరు మీద ఉంది. మా ఆవిడ వింది.

ఇవాళ నేను పాడుచేసిన బొమ్మ ఈ వేసవిది. మల్లెల కాలమంతా ఆమె రోజూ సాయంత్రం, నేను వెళ్ళని అమ్మాయి గదిలో, ఆ అర మూర దండని ఒకే చోట, చుట్టగా పెట్టి, పైన ఇత్తడి చెంబు ఉంచేది. పొద్దున తీసేది. చుట్టూ రంగులు వేసుకుంటూ వచ్చింది గానీ ఆ చోటు ముట్టుకోలేదు. తెల్లపువ్వు ఏం రంగు ఇస్తుంది? ఒక రోజుకి ఏమీ ఇవ్వదు. అన్ని రోజులూ పెట్టాక, పలచటి టీ నీళ్ళలాంటి మరక ఒకటి దిగిందట. దండ ముడులతో సహా. ఎదురుగా నిలబడితే కనిపించదు. కిటికీ వెలుతురు ఏటవాలుగా పడ్డప్పుడు కనిపిస్తుంది. ఇదంతా ఆమె నాకు ఇవాళే చెప్పింది, కోపం లేకుండా, ఎవరికో దారి చెబుతున్నట్టు.

మా పనిలో కొత్తగా చేరిన ప్రతివాడికీ నేను చెప్పే మొదటి మాట, ఓడ ఇనప ప్లేటుకి ఎదురుగా నిలబడి చూడొద్దని. టార్చి పక్కనుంచి వెయ్యి, వాలుగా చూడు, అప్పుడే ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది అని. ముక్కూ మొహం తెలియని ఓడలకి ముప్ఫై ఏళ్ళు వంగి వంగి చూశాను. నా ఇంట్లో బొమ్మ ముందు కాఫీ గ్లాసు పట్టుకుని నిటారుగా నిలబడ్డాను.

తడి గుడ్డ తెచ్చి తుడవబోయాను. పైన కాస్త వచ్చింది, మిగతాది అప్పటికే పట్టేసింది. రుద్దేకొద్దీ పక్కకి పాకింది. గోటితో గీకుదామని వంగితే ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"వదిలెయ్యండి. ఇంక దాన్ని ముట్టుకోకండి."

వదిలేశాను. ఆమె కుర్చీలో కూర్చుంది. అప్పుడు చెప్పింది.

"మీకు ఖాళీ కనిపిస్తే చాలు, కప్పేస్తారు. గది కప్పేశారు. ఆ రోజు కూడా ఏదో కప్పారు. అదేంటో నాకు తెలీదు. కప్పారని మాత్రం తెలుసు."

ఆ రోజు అంటే మా అమ్మాయి పోయిన రోజు.

ఆ మధ్యాహ్నం నేను డాక్‌లో ఒక ఓడ అడుగున ఉన్నాను. మర్నాడు పొద్దున పోటు సమయానికి ఓడ నీళ్ళలోకి దిగాలి. ఆఖరి కోటింగు ఆరింది, తనిఖీ మిగిలింది. మా ఆవిడ ఆసుపత్రినుంచి ఫోన్ చేసింది. పిల్లకి ఆయాసంగా ఉంది, మీరు రండి అంది. వస్తున్నానన్నాను. నాతో పాతికేళ్ళు పనిచేసిన మిత్రుడు పక్కనే ఉన్నాడు. నా మొహం చూసి, "నువ్వెళ్లిపో బావా, నాను సూసుకుంటాను. ఏటైపోద్ది?" అన్నాడు. నేను వెళ్ళలేదు. అతని కన్ను మీద నాకు నమ్మకం లేదు. నిజం చెప్పాలంటే ఎవరి కన్ను మీదా లేదు. ఒక గంటలో అయిపోతుంది అనుకున్నాను. రెండు గంటలు పట్టింది. పదకొండు హాలిడేలు దొరికాయి. అన్నిటికీ చాక్‌పీసుతో చుట్టూ గీసి, కప్పించి, సంతకం పెట్టి బయల్దేరాను. నేను ఆసుపత్రి మెట్లెక్కేసరికి అయిపోయి ఇరవై నిమిషాలైంది.

ఏమైందండీ, ఎందుకింత ఆలస్యం అని బంధువులెవరో అడిగారు. కాన్వెంట్ జంక్షన్ దగ్గర లారీలు ఆగిపోయాయన్నాను. విశాఖపట్నంలో ఆ మాటని ఎవరూ అనుమానించరు. అక్కడ పోర్టు లారీలు ఆగని రోజు తక్కువ. మా ఆవిడ కూడా విని తల ఊపింది. ఆ తర్వాత ఆ జంక్షన్ ఎప్పుడైనా ఖాళీగా కనిపిస్తే నాకు చెమటలు పట్టేవి. జామ్ అయి ఉంటేనే ప్రాణం కుదుటపడేది.

ఇవాళ ఆమె అలా అన్నప్పుడు చెప్పెయ్యాల్సింది. నోటిదాకా వచ్చింది. చెప్పకుండా, మీ చెల్లికి ఫోన్ చేసి బొమ్మ రాదని చెప్పనా అని అడిగాను.

"మాట ఇచ్చాను. మీరే తీసుకెళ్ళండి. నేను రాను. ఎవరైనా అడిగితే మీరే చెప్పుకోండి."

పాత దుప్పటిలో చుట్టి బస్సులో తీసుకెళ్ళాను. ఆదివారం కాబట్టి చోటు దొరికింది. మోకాళ్ళకి ఆనించుకుని, హనుమంతవాక దాటేదాకా ఆ రెండు గంటల గురించే ఆలోచించాను. దాటాక, ఆలోచించడం కూడా ఒక రకంగా వాయిదా వెయ్యడమే అని తోచింది.

క్లబ్ హౌసులో గోడలనిండా వినాయకులు, నెమళ్ళు, రుషికొండ బీచిలో సూర్యోదయాలు. ప్రతి బొమ్మ కిందా పోస్టుకార్డు అంత అట్టముక్క మీద వేసినవాళ్ళ పేరు. మరదలు మాది గోడకి తగిలించి, అక్క రాలేదేమని అడిగింది. జరిగింది చెప్పాను. నెత్తి కొట్టుకుంది. "మీకో దణ్ణం బావగారూ, బ్రష్షులు దాచుకోమని చెప్పాలి మా అక్కకి" అంది. ఆ తర్వాత ఆమె కళ్ళు తడయ్యాయి. నేను ఇంకో అట్టముక్క అడిగాను.

"ఎందుకు?"

"రాయాలి."

నల్ల మార్కరుతో ఇలా రాశాను: కింద ఎడమ పక్కన ఉన్న ముదురు నీలం ఆమె వేసింది కాదు. అక్కడున్న దాన్ని ఆమె భర్త తెలియక కప్పేశాడు.

మరదలు చదివింది. "బాగోదు బావగారూ. నలుగురూ నవ్వుతారు. తెలిసినవాళ్ళుంటారు, మా పరువేం కాను?"

నేను ఇంకోటి చూస్తున్నాను. "తెలియక" అన్న మాట. ఇద్దరే ఉన్న ఇంట్లో, నోరు తెరిచి అడిగితే తెలిసేది. ఆ అట్ట చింపేసి ఇంకోటి తీసుకున్నాను. తెలియక అన్న చోట "అడగకుండా" అని రాశాను. బొమ్మ కింద అతికించి, పక్కనే నిలబడ్డాను. మరదలు నన్ను కూర్చోమంది. కూర్చోలేదు.

చాలామంది చదవకుండానే వెళ్ళిపోయారు. అడిగినవాళ్ళు నలుగురు. ఒక కుర్రాడు, ఏదో సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చేస్తాడట, ఇది కాన్సెప్టా అంకుల్ అన్నాడు. కాదు బాబూ, నిజంగానే, ఇవాళ పొద్దున్నే అన్నాను. నవ్వబోయి ఆగిపోయాడు. ఒక పెద్దాయన, అదే రంగులో కలిసిపోయిందిగా, రాయకపోతే ఎవరికి తెలుస్తుందండీ అన్నాడు. అందుకేనండీ రాశాను అన్నాను. మూడో మనిషి ధర ఎంతని అడిగి వెళ్ళిపోయింది.

నాలుగో ఆమె మా ఆవిడ వయసు మనిషి. అట్ట రెండుసార్లు చదివింది.

"కింద ఏముందండీ?"

"మల్లెపూలు. మా అమ్మాయికి రోజూ తెచ్చే అర మూర. అమ్మాయి లేదు. మా ఆవిడ వేసవంతా పూలు పెట్టి ఆ మరక దింపింది. నేను ఓడలకి రంగులు చూసేవాణ్ణి. ఏదో మిగిలిపోయిందనుకుని పూసేశాను."

అమ్మాయి లేదు అన్న మాట నేను రెండేళ్ళలో ఎవరితోనూ అనలేదు. ఎవరైనా పిల్లలెందరంటే ఒక అమ్మాయి అని చెప్పి, వేరే మాట ఎత్తేవాణ్ణి. ఆవిడ అయ్యో అనలేదు, ఊరుకోండి అనలేదు. చీర కుచ్చెళ్ళు పట్టుకుని కిందికి వంగి, తల పక్కకి వాల్చి, ఆ చోటుని చాలాసేపు చూసింది. అక్కడ చూడ్డానికి నా పని తప్ప ఏమీ లేదు. లేచి వెళ్ళిపోయింది. అప్పుడు నేను కూర్చున్నాను.

బొమ్మ సాయంత్రం మరదలు పంపిస్తానంది. నేను తిరుగు బస్సు ఎక్కాను. పరాయివాళ్ళకి చెప్పగలిగినవాణ్ణి ఇంట్లో చెప్పలేకపోతే, ఆ అట్టముక్క కూడా ఒక కోటింగే అవుతుంది.

నాలుగవుతుండగా ఇంటికి చేరాను. ఆమె అమ్మాయి గదిలో నేలమీద కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంచుతోంది. ఎదురుగా కూర్చున్నాను. అక్కడ రాసింది చెప్పాను. ఎవరెవరు ఏమడిగారో చెప్పాను. వింటూ తుంచుతూనే ఉంది. ఇంకొకటుంది అన్నాను.

"ఆ రోజు లారీలు ఆగలేదు. రోడ్డు ఖాళీ. నువ్వు ఫోన్ చేశాక నేను రెండు గంటలు డాక్‌లోనే ఉన్నాను."

చేతులు ఆగాయి.

"ఏం చేశారు?"

చెప్పాను. మిత్రుడు వెళ్ళమన్నాడనీ, నేనే వెళ్ళలేదనీ చెప్పాను. ఆ హాలిడేలు ఎక్కడెక్కడ దొరికాయో అడిగింది. ఎందుకడిగిందో నాకు తెలియదు. చుక్కాని దగ్గర రెండు, అడుగు పలకల అతుకుల మీద ఆరు, ఇలా ఒక్కొక్కటీ చెప్పాను. చాక్‌పీసు అయిపోతే ఇంకోటి తెప్పించాననీ, అందుకు పది నిమిషాలు ఆగాననీ చెప్పాను. సంతకం పెట్టి, చేతులు కడుక్కుని బయల్దేరాననీ చెప్పాను. ఆయాసం అంటే అంత దూరం వస్తుందనుకోలేదు అని మొదలుపెట్టాను గానీ, మధ్యలో ఆపేశాను. ఆ వాక్యం దేనికి పనికొస్తుందో నాకు తెలుసు.

ఆమె నా చేతుల కేసి చూసింది. తర్వాత అంది:

"రెండుసార్లు అడిగింది. నాన్న ఏడీ అని. మొదటిసారి వస్తున్నారన్నాను. రెండోసారికి కాన్వెంట్ దగ్గర ఆగిపోయి ఉంటారన్నాను. మీరు ఆ మాట చెప్పక ముందే నేను దానికి చెప్పాను. తర్వాత మీరొచ్చి అదే అంటే, పోనీలే, నేను అబద్ధం చెప్పలేదు అనుకున్నాను. అది పట్టుకునే ఉన్నాను ఇన్నాళ్ళూ."

ఆ ఆసరాని కూడా నేను ఇవాళ లాగేసుకున్నాను. మంచినీళ్ళు తెస్తానని లేవబోయాను.

"కూర్చోండి. అంతా వినండి" అంది.

కూర్చున్నాను. ఆ రెండు గంటల్లో అక్కడేం జరిగిందో మొదటినుంచీ చెప్పింది. నర్సు ఎన్నిసార్లు వచ్చిందో, పిల్ల కాళ్ళు చల్లబడుతున్నాయని తను ఎప్పుడు గమనించిందో, దుప్పటి అడిగితే ఎంతసేపటికి తెచ్చారో, ఆఖర్న జడ ఒత్తుకుంటోందని విప్పమంటే తను విప్పిందనీ, చిక్కుపడి సగమే వచ్చిందనీ. కొన్నిచోట్ల ఆగి, కాదు, అది ముందు జరిగింది అని సరిచేసుకుంది. నేను మధ్యలో మాట కలపలేదు. ఊరుకో అనలేదు. రెండుసార్లు ఫోన్ మోగింది, ఎత్తలేదు. ఆమె చెబుతూ చెబుతూ ఏడ్చింది, ఏడుస్తూనే చెప్పింది. నాకూ ఏడుపొచ్చింది. మొహం తిప్పుకోలేదు.

చెప్పడం అయ్యేసరికి గదిలో వెలుతురు తగ్గింది. ఆమె గోరుచిక్కుళ్ళ గిన్నె నా వైపు జరిపింది. మిగిలినవి నేను తుంచాను.